తుపానుకు ఉన్న బులెటిన్ పొగకు ఎందుకు లేదు?

ఢిల్లీలో ఇండియా గేట్ వైపు నుంచి అశోకా రోడ్డులోకి రాగానే కనిపించేది హైదరాబాద్ హౌస్. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కోసం ఎడ్విన్ లుటియెన్స్ రూపకల్పన చేసిన ఆ భవనం ఇప్పుడు విదేశాంగ శాఖ చేతిలో ఉంది. దేశాధినేతలు వచ్చినప్పుడు ప్రధాని వారితో చర్చలు జరిపేదీ, సంతకాలైన దస్త్రాలు చేతులు మారేదీ ఎక్కువగా అక్కడే. 2015 జనవరి 25న బరాక్ ఒబామా వచ్చినప్పుడు స్వచ్ఛ ఇంధనం, వాతావరణ మార్పులపై సహకారం గురించి మాట్లాడుకున్నారు. 2022 సెప్టెంబర్ 6న షేక్ హసీనా వచ్చినప్పుడు కుశియారా నది నీళ్లపై అవగాహన కుదిరింది. 1996 నాటి గంగా జలాల ఒప్పందం తర్వాత భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య నీటి పంపకంపై కుదిరిన మొదటి అవగాహన అది. పక్కనే ఆంధ్రా భవన్ ఉండటంతో ఢిల్లీకి వచ్చిన తెలుగువాళ్లలో ఈ రోడ్డు తొక్కనివాళ్లు తక్కువ. నవంబర్, డిసెంబర్ నెలల్లో ఇదే రోడ్డు మీద పీల్చే గాలిలో వాయవ్యం నుంచి వచ్చిన పొగ కలిసి ఉంటుంది. పంజాబ్, హరియాణా పొలాల పొగతోపాటు సరిహద్దు అవతలి పొగ కూడా అందులో ఉంటుంది. మన పొగ మళ్లీ గంగా మైదానం మీదుగా బంగ్లాదేశ్ దాకా పోతుంది. నీళ్ల మీద ఒప్పందాలు చేసుకోగలిగిన దేశాలకు, ఈ గాలి విషయంలో ఒకరి మాట ఒకరు వినవలసిన ఏర్పాటు ఇప్పటికీ లేదు. ఇది సాధ్యం కాని పని అనేవారికి నా జవాబు ఒక్కటే: ఇలాంటి పనే ఈ దేశాలన్నీ కలిసి 50 ఏళ్లకు పైగా చేస్తున్నాయి. దాని ఫలితం తెలుగు తీరానికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

నేను చెబుతున్నది తుపాను హెచ్చరికల గురించి. 1970 నవంబర్‌లో నాటి తూర్పు పాకిస్థాన్‌ను భోలా తుపాను ముంచెత్తింది. చనిపోయినవారి సంఖ్య 3 లక్షల నుంచి 5 లక్షల దాకా ఉంటుందని అంచనా. మరుసటి ఏడాది యుద్ధం జరిగింది, బంగ్లాదేశ్ పుట్టింది. ఆ యుద్ధం గాయాలు ఇంకా పచ్చిగా ఉండగానే, 1972లో, ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆసియా ఆర్థిక సంఘం కలిసి బంగాళాఖాతం, అరేబియా సముద్రం తీర దేశాలతో ఒక తుపానుల ప్యానెల్‌ను ఏర్పాటు చేశాయి. భారత్, పాకిస్థాన్, బంగ్లాదేశ్ మూడూ అందులో సభ్యులే. ఇప్పుడు సభ్యదేశాలు 13. వాటన్నిటికీ తుపాను సమాచారం అందించే ప్రాంతీయ కేంద్రం లోధీ రోడ్డులోని వాతావరణ శాఖ కార్యాలయం మౌసమ్ భవన్‌లో, అంటే హైదరాబాద్ హౌస్‌కు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో పనిచేస్తోంది. తుపానులకు పేర్లు పెట్టేదీ ఈ దేశాలే. 2010లో బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా పేరు పాకిస్థాన్ ఇచ్చింది. 2018లో పలాస, ఉద్దానం కొబ్బరి తోటలను నేలమట్టం చేసిన తిత్లీ, 2021లో కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ కూడా పాకిస్థాన్ పెట్టిన పేర్లే. హుద్‌హుద్ ఒమన్ ఇచ్చిన పేరు, 2023 నాటి మిచాంగ్ మయన్మార్ ఇచ్చింది, 2025లో వచ్చిన మొంథా థాయ్‌లాండ్‌ది. శ్రీకాకుళం రైతు తన తోట ఏ తుపానుకు పోయిందో చెప్పేటప్పుడు పలికే పేరు వెనుక ఇన్ని దేశాల ఒప్పందం ఉంది.

పేర్లు పైకి కనిపించే భాగం మాత్రమే. అసలు పని బులెటిన్‌లో ఉంటుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం వాయుగుండంగా మారిందంటే మౌసమ్ భవన్ నుంచి సభ్యదేశాలకు సమాచారం వెళ్తుంది. తుపానుగా బలపడితే కొన్ని గంటలకొకటి చొప్పున బులెటిన్లు వెలువడతాయి. అందులో తుపాను కేంద్రం ఏ అక్షాంశ రేఖాంశాల మీద ఉంది, గాలి వేగం ఎంత, కేంద్రంలో పీడనం ఎంత, రాబోయే గంటల్లో ఎటు కదులుతుంది, ఆ అంచనా ఎంత మేర అటూఇటూ కావచ్చు, ఉప్పెన ఎంత ఎత్తున లేవవచ్చు అన్నది అంకెల్లో ఉంటుంది. ఉప్పెన ఎత్తు లెక్కగట్టడానికి ఢిల్లీ ఐఐటీలో తయారైన నమూనాను పొరుగు దేశాలకూ ఇచ్చారు. ఈ అంకెలే మన రేవుల్లో ఎగిరే ప్రమాద హెచ్చరికలుగా, కలెక్టర్ల ఫోన్లలో ఆదేశాలుగా, ఊళ్లలో టముకుగా మారతాయి. 1977 నవంబర్ 19న దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు అధికారిక లెక్కల ప్రకారమే 10 వేల మంది దాకా పోయారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ నగరం మీదుగానే వెళ్లింది. ఆస్తినష్టం అపారం, కానీ రాష్ట్రంలో ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. ఈ తేడాకు తుపాను షెల్టర్లు, సెల్‌ఫోన్లు, రోడ్లు, ఉపగ్రహాలు అన్నీ కారణమే. అయితే కదిలించవలసిన ఊళ్లేవో, ఏ గంటకో ముందుగా చెప్పగలగడం వాటన్నిటికీ పునాది.

హుద్‌హుద్ కథ విశాఖతో ముగియలేదు. తీరం దాటి బలహీనపడిన ఆ వ్యవస్థ ఉత్తరానికి సాగి, రెండు రోజులకు నేపాల్‌లోని అన్నపూర్ణ కొండల్లో భారీ హిమపాతం తెచ్చింది. తొరంగ్ లా కనుమ పరిసరాల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవారు, వారికి దారి చూపేవారు, స్థానికులు కలిపి 40 మందికి పైగా మంచులో చనిపోయారు. ముందస్తు హెచ్చరిక కొండమీది వారికి చేరలేదని తర్వాత నేపాల్‌లో పెద్ద చర్చ జరిగింది. తీరం లేని నేపాల్ ఆ తుపానుల ప్యానెల్‌లో సభ్యదేశం కాదు. కొండల్లో సమాచారం చేరకపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి, సభ్యత్వం ఉంటే ఆ ప్రాణాలన్నీ నిలిచేవని చెప్పలేం. కానీ ఏర్పాటు ఉన్నచోట ఏం జరిగిందో, లేనిచోట ఏం జరిగిందో ఒకే తుపాను దారిలో పక్కపక్కన కనిపిస్తుంది. పర్యావరణం మీద దేశాల మధ్య సహకారం అంటే శిఖరాగ్ర సభలు, ఉపన్యాసాలు, తీర్మానాలు అనుకోవడం మనకు అలవాటైపోయింది. ప్రాణాలు నిలిపింది మాత్రం రోజూ, విసుగు లేకుండా, అందరికీ ఒకే లెక్క పంపించే చిన్న పని.

ఇప్పుడు పొగ దగ్గరికి వద్దాం. పీఎం 2.5 అనే సూక్ష్మ ధూళి గాలిలో కొన్ని రోజుల నుంచి వారం దాకా నిలుస్తుంది. శీతాకాలంలో వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వీచే గాలి దానిని మోసుకుపోతుంది. ఉత్తరాన హిమాలయాలు గోడలా ఉండటంతో ఆ పొగ పెషావర్ నుంచి ఢాకా దాకా ఉన్న మైదానంలోనే తిరుగుతుంది. దక్షిణాసియా గాలి కాలుష్యంపై 2023లో వెలువడిన ప్రపంచ బ్యాంకు నివేదిక ఈ ప్రాంతాన్ని ఆరు పెద్ద గాలి పరీవాహక ప్రాంతాలుగా గుర్తించింది. గాలి ప్రధానంగా వాయవ్యం నుంచి వీచే పరిస్థితుల్లో భారత పంజాబ్ కాలుష్యంలో సుమారు 30 శాతం పాకిస్థాన్ పంజాబ్ నుంచి వస్తోందనీ, బంగ్లాదేశ్ పెద్ద నగరాల కాలుష్యంలో సగటున 30 శాతం మన దేశం నుంచి పోతోందనీ అంచనా వేసింది. గాలి కాలుష్యం వల్ల దక్షిణాసియాలో ఏటా 20 లక్షల మంది అకాల మరణం పాలవుతున్నారన్నది అదే నివేదిక లెక్క. అంటే మనం ఒక పొరుగుకు బాధితులం, మరో పొరుగుకు బాధ్యులం. 2024 నవంబర్‌లో లాహోర్‌లో గాలి నాణ్యత సూచీ వెయ్యి దాటింది, బడులు మూసేశారు. అదే నెలలో ఢిల్లీ సూచీ 490 దాటింది, ఇక్కడా బడులు మూసేశారు. మన అధికారిక సూచీ 500 దగ్గరే ఆగిపోతుంది. పొరుగున కొలిచే పద్ధతి వేరు. ఒకే పొగలో ఉన్న రెండు నగరాల్లో ఎక్కడ ఎంత ఉందో పోల్చి చూసుకోవడానికి కూడా ఉమ్మడి కొలబద్ద లేదు.

కొలబద్ద లేకపోతే ఏమవుతుందో 2021 డిసెంబర్‌లో సుప్రీంకోర్టులోనే చూశాం. ఢిల్లీ కాలుష్యం కేసులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం తరఫు న్యాయవాది, తమ రాష్ట్రం గాలివాటుకు దిగువన ఉందనీ, కలుషితమైన గాలి పాకిస్థాన్ నుంచి వస్తోందనీ చెప్పారు. అయితే పాకిస్థాన్‌లో పరిశ్రమలను నిషేధించమంటారా అని నాటి ప్రధాన న్యాయమూర్తి, మన కృష్ణా జిల్లావాసి జస్టిస్ ఎన్.వి. రమణ అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు, వచ్చే వీలూ లేదు. ఎందుకంటే ఫలానా రోజున ఫలానా జిల్లా గాలిలో బయటి నుంచి వచ్చింది ఇంత, ఇక్కడే పుట్టింది ఇంత అని రెండు పక్షాలూ ఒప్పుకునే లెక్క ఎవరి దగ్గరా లేదు. లెక్క లేనిచోట నింద రాజ్యమేలుతుంది. లక్నో ఇస్లామాబాద్‌ను చూపిస్తుంది, లాహోర్ అమృత్‌సర్‌ను చూపిస్తుంది, ఢిల్లీ చండీగఢ్‌ను చూపిస్తుంది. ఎవరికి వారే యమునా తీరే.

దేశం లోపల ఈ తప్పును కొంతవరకు సరిదిద్దుకున్నాం. 2021లో వచ్చిన చట్టంతో గాలి నాణ్యత నిర్వహణ కమిషన్ ఏర్పడింది. ఢిల్లీతోపాటు పంజాబ్, హరియాణా, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లను ఒకే గాలి కింద ఉన్న ప్రాంతంగా చూడాలని ఒప్పుకున్న చట్టం అది. దాని పనితీరు మీద ఎన్ని విమర్శలున్నా ఆ ఆలోచన సరైనది. ఆ ఆలోచన అటారీ సరిహద్దు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. దేశాల స్థాయిలో ప్రయత్నమే జరగలేదని కాదు. 1998 ఏప్రిల్‌లో మాల్దీవుల రాజధాని మాలెలో భారత్, పాకిస్థాన్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్, శ్రీలంక, మాల్దీవులు, ఇరాన్ కలిసి సరిహద్దులు దాటే గాలి కాలుష్యంపై ఒక ప్రకటన చేశాయి. ప్రతి దేశంలో గాలిని కొలిచే కేంద్రాలు పెట్టాలి, ఒకే పద్ధతిలో కొలవాలి, ఆ వివరాలు పంచుకోవాలి అన్నది దాని సారం. ఈ రోజు నేను కోరుతున్నది దాదాపు అదే. అది చట్టబద్ధమైన ఒప్పందం కాదు, దానికి సొంత నిధి లేదు. చాలాకాలం స్వీడన్ సాయంతో నడిచింది, ఆ సాయం తగ్గాక చల్లబడింది. తన ప్రజలు పీల్చే గాలిని కొలవడానికి స్వీడన్ పన్నుదారుల మీద ఆధారపడవలసినంత పేద ప్రాంతం కాదు మనది. డబ్బు లేక ఆగిందనడం కంటే ఎవరికీ పట్టక ఆగిందనడం సబబు.

ఈ వాదనకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం నాకు తెలుసు. తుపానుకు దోషి లేడు, పొగకు ఉన్నాడు. తుపాను ఎక్కడ ఉందో చెప్పినంత మాత్రాన ఏ ప్రభుత్వమూ తలదించుకోనక్కర్లేదు. పొగ ఎక్కడ పుట్టిందో చెబితే తలదించుకోవాలి, పరిహారం అడుగుతారేమోనని భయపడాలి. అందుకే తుపాను లెక్కను ఇచ్చినంత సులువుగా పొగ లెక్కను ఎవరూ ఇవ్వరని అంటారు. ఇది కొట్టిపారేయవలసిన మాట కాదు. అయితే ఈ చిక్కును మనకంటే ముందు ఎదుర్కొన్నవాళ్లున్నారు. 1960లలో స్వీడన్, నార్వే సరస్సుల్లో చేపలు చచ్చిపోవడం మొదలైంది. బ్రిటన్, జర్మనీ బొగ్గు పొయ్యిల నుంచి వచ్చే గంధకం ఆమ్లవర్షంగా తమ మీద పడుతోందని ఆ దేశాలు మొత్తుకున్నాయి. బ్రిటన్ ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. పైగా అది ప్రచ్ఛన్నయుద్ధ కాలం, ఖండం రెండుగా చీలి, అణ్వస్త్రాలు ఎక్కుపెట్టుకుని ఉంది. అలాంటి రోజుల్లో 1977లో ఉమ్మడి కొలత కార్యక్రమం మొదలుపెట్టారు. దాని లెక్కల కేంద్రాల్లో ఒకటి ఓస్లోలో ఉంటే ఇంకొకటి మాస్కోలో పెట్టారు. 1979 నవంబర్‌లో జెనీవాలో అమెరికా, సోవియట్ యూనియన్‌తో సహా 30కి పైగా దేశాలు సుదూర గాలి కాలుష్యంపై ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆ ఒప్పందంలో ఎవరు ఎంత తగ్గించాలన్న అంకె ఒక్కటి కూడా లేదు. కొలుద్దాం, పంచుకుందాం, మాట్లాడుకుందాం, అంతే.

అంకెలు తర్వాత వచ్చాయి. 1985లో హెల్సింకిలో గంధకం ఉద్గారాలను 30 శాతం తగ్గించాలన్న ప్రోటోకాల్ వచ్చినప్పుడు బ్రిటన్ చేరలేదు. 1994లో ఓస్లోలో ఎవరి గంధకం ఏ నేల మీద ఎంత పడుతోందన్న లెక్కల ఆధారంగా దేశానికో లక్ష్యం పెట్టినప్పుడు బ్రిటన్ కూడా సంతకం చేసింది. మధ్యలో మారింది బ్రిటన్ మనసు ఒక్కటే కాదు; ఏటికేడాది పేరుకున్న ఉమ్మడి లెక్కల ముందు కాదనడం కష్టమైపోయింది. బొగ్గు స్థానంలో గ్యాస్ రావడం, తూర్పు యూరప్ పరిశ్రమలు మూతపడటం కూడా కలిసొచ్చాయి. 1990తో పోలిస్తే యూరప్ గంధకం ఉద్గారాలు నాలుగింట మూడొంతులకు పైగా తగ్గాయి. ఆగ్నేయాసియా అనుభవం ఇంత సంతోషకరం కాదు. ఇండొనేసియా అడవుల మంటల పొగపై ఆసియాన్ దేశాలు 2002లో ఒప్పందం చేసుకుంటే, ప్రధాన కారకురాలైన ఇండొనేసియా దాన్ని ఆమోదించింది 2014లో. మరుసటి ఏడాదే మళ్లీ తీవ్రమైన పొగ కమ్మింది. ఒప్పందం మంటలను ఆర్పదు. కానీ సింగపూర్‌లోని ప్రాంతీయ వాతావరణ కేంద్రం మంటలు ఎక్కడున్నాయో, పొగ ఎటు పోతోందో చూపించే పటాన్ని రోజూ ప్రకటిస్తూ ఉండబట్టే, ఆ పొగ మాది కాదని ఇప్పుడెవరూ అనలేకపోతున్నారు. మనకు ఆ మాత్రం కూడా లేదు.

రెండో అభ్యంతరం పాకిస్థాన్. పహల్గామ్‌లో 2025 ఏప్రిల్ 22న పర్యాటకులను కాల్చి చంపిన తర్వాత, 1960 నుంచి మూడు యుద్ధాలను తట్టుకుని నిలిచిన సింధు జలాల ఒప్పందాన్నే మన ప్రభుత్వం పక్కన పెట్టింది. అలాంటి దేశంతో గాలి గురించి మాట్లాడటమా అని ఆవేశపడేవారి బాధను నేను తక్కువ చేయను. కానీ అదే ఏడాది ఆగస్టులో, జమ్మూలో తావీ నది పొంగినప్పుడు, మన ప్రభుత్వం ఇస్లామాబాద్‌లోని హైకమిషన్ ద్వారా పాకిస్థాన్‌కు వరద హెచ్చరిక పంపింది. ఒప్పందం పక్కన ఉండగానే, మానవతా దృష్టితో. అది సరైన పని, దేశ ప్రతిష్ఠను పెంచిన పని. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 2011 నుంచి హిందూ మహాసముద్ర తీర దేశాలకు సునామీ సమాచారం ఇస్తోంది. ఆ దేశాల జాబితాలో పాకిస్థాన్ ఉంది. 1945 నవంబర్‌లో మక్రాన్ తీరంలో భూకంపం వచ్చి లేచిన సునామీ నేటి పాకిస్థాన్ తీరాన్నీ, మన పశ్చిమ తీరాన్నీ కలిపే తాకింది కాబట్టి, అక్కడి సముద్రమట్టం లెక్కలు మనకూ కావాలి. ఈ పనులేవీ శత్రువును క్షమించినట్టు కాదు. ఉగ్రవాదం మీద రాజీపడమని, వాణిజ్యం తెరవమని ఎవరూ అడగడం లేదు. ఇది మన పిల్లల ఊపిరితిత్తుల్లోకి ఏం వస్తోందో తెలుసుకునే సమాచారం. ఇచ్చినదానికంటే మనకు వచ్చేదే ఎక్కువ. గాలివాటుకు దిగువన ఉన్నది మనం. 2024 అక్టోబర్ చివర్లో పాకిస్థాన్ పంజాబ్ ముఖ్యమంత్రి మరియమ్ నవాజ్ రెండు పంజాబ్‌లూ పొగ విషయంలో కలిసి పనిచేయాలనీ, భారత పంజాబ్ ముఖ్యమంత్రికి లేఖ రాయాలనుకుంటున్నాననీ అన్నారు. అందులో రాజకీయం ఎంత, చిత్తశుద్ధి ఎంత అన్న అనుమానం ఉండవచ్చు. అది తేల్చడానికి మార్గం రోజువారీ లెక్కలు అడగడమే.

ముందు మన ఇల్లు చక్కబెట్టుకోండి, తర్వాత పొరుగు సంగతి అనేవారూ ఉన్నారు. వారితో నాకు పేచీ లేదు, ఎందుకంటే ఢిల్లీ గాలిలో ఎక్కువ భాగం మన వాహనాలు, మన రోడ్ల దుమ్ము, మన ఇటుక బట్టీలు, మన చెత్త మంటలు, మన వరి కొయ్యకాళ్లదే. పంజాబ్ రైతు కొయ్యకాళ్లు తగలబెట్టడం వెనుక కూడా మన విధానమే ఉంది. భూగర్భ జలాలు కాపాడేందుకు 2009లో తెచ్చిన చట్టంతో నాట్లు జూన్‌కు జరిగాయి, కోతలు ఆలస్యమయ్యాయి, గోధుమ విత్తడానికి చేతిలో కొద్ది వారాలే మిగిలాయి. సరిగ్గా ఆ వారాల్లోనే గాలి స్తంభించిపోతుంది. సరిహద్దు అవతలి పంజాబ్ రైతుకూ అవే వారాలు, అదే వరి, అదే అగ్గిపుల్ల. అయితే ఉమ్మడి లెక్క ఉంటే ఇల్లు చక్కబెట్టుకోవడం వాయిదా పడుతుందన్న భయం అర్థం లేనిది. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. నింద మోపడానికి పొరుగుదేశం అందుబాటులో ఉన్నంతకాలం ఏ రాష్ట్రమైనా దాని వెనుక దాక్కోగలదు. బయటి నుంచి వచ్చినది నూటికి ఇంత అని తేలిపోతే, మిగిలినదంతా ఎవరిదో చెప్పనక్కర్లేదు.

చివరిగా, పర్యావరణ విషయంలో ముందు కదలవలసింది సంపన్న దేశాలు కదా అనే ప్రశ్న. కర్బన ఉద్గారాల విషయంలో ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. బాకూలో 2024 నవంబర్‌లో జరిగిన వాతావరణ సదస్సులో వర్ధమాన దేశాలకు 2035 నాటికి ఏడాదికి 30 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్న తీర్మానాన్ని మన ప్రతినిధి నిండుసభలో తిరస్కరించడం సమంజసమే. డబ్బు లేకుండా బాధ్యత మోపడాన్ని మనం ఇంతకుముందూ ఒప్పుకోలేదు. ఓజోన్ పొరను కాపాడే 1987 నాటి మాంట్రియల్ ప్రోటోకాల్‌లో మనం వెంటనే చేరలేదు; 1990లో లండన్‌లో, నాటి పర్యావరణ మంత్రి మేనకా గాంధీ గట్టిగా నిలబడిన చర్చల్లో, వర్ధమాన దేశాల కోసం ప్రత్యేక నిధి ఏర్పడ్డాకే 1992లో చేరాం. ప్రపంచంలో ఫలించిన పర్యావరణ ఒప్పందాల్లో దానిదే మొదటి పేరు. కానీ కర్బనానికీ పొగకూ తేడా ఉంది. కర్బన వాయువు శతాబ్దాలు నిలుస్తుంది, ప్రపంచమంతా పరుచుకుంటుంది, అందుకే వందేళ్లనాటి లెక్కలు తీయాలి. పొగ ఈ వారం పుట్టి ఈ వారం ఇక్కడే చంపుతుంది. దానికి చారిత్రక బాధ్యుడి కోసం వాషింగ్టన్ వైపు చూడటంలో అర్థం లేదు. చూసినా ఏమవుతుందో 2025 మార్చిలో తెలిసింది. ఢిల్లీ రాయబార కార్యాలయం, హైదరాబాద్ కాన్సులేట్ సహా తన కార్యాలయాల్లో కొలిచే గాలి వివరాలను ప్రకటించడం అమెరికా ఆపేసింది. ఏళ్ల తరబడి పత్రికలు, పరిశోధకులు నమ్ముకున్న లెక్క ఒక్క నిర్ణయంతో ఆగిపోయింది. దూరదేశం దయ మీద కొలతలు నిలవవు.

కొత్త సంస్థ కట్టనక్కర్లేదు. సార్క్ శిఖరాగ్రం 2014 తర్వాత జరగనేలేదు కాబట్టి దాని కోసం కాచుకోనక్కర్లేదు. వరదలు, గాలి, మంచు మీద పనిచేసే ఇసిమోడ్ అనే కేంద్రం 1983 నుంచి కాఠ్మాండూలో ఉంది. భారత్, పాకిస్థాన్, చైనా సహా ఎనిమిది దేశాలు అందులో సభ్యులు. 2035 నాటికి పీఎం 2.5 ఏడాది సగటును ఘనపు మీటరుకు 35 మైక్రోగ్రాముల లోపుకు తేవాలన్న ఆకాంక్షను 2024లో థింపూలో ఈ ప్రాంత దేశాల ప్రతినిధులు ప్రకటించారు. నోయిడాలో మన వాతావరణ అంచనా కేంద్రంలోనే బిమ్‌స్టెక్ దేశాల వాతావరణ కేంద్రం ఉంది. పనిముట్లు, మనుషులు, నమూనాలు అన్నీ ఉన్నాయి. లేనిది ఒక్క ఆదేశం. ఏటా అక్టోబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా మౌసమ్ భవన్ నుంచి తుపాను బులెటిన్ లాంటి పొగ బులెటిన్ రోజూ వెలువడాలి. పెషావర్ నుంచి ఢాకా దాకా ఎక్కడెక్కడ పొలాలు మండుతున్నాయో, పొగ ఎటు కదులుతోందో, రాబోయే మూడు రోజుల్లో ఏ నగరం మీద పడుతుందో అందులో అంకెలు, పటాలతో ఉండాలి. పొరుగు దేశాలు వివరాలిస్తే కలుపుకోవాలి, ఇవ్వకపోతే ఉపగ్రహ చిత్రాలతోనే మొదలుపెట్టి, మన వివరాలు మాత్రం వారందరికీ పంపాలి. బంగ్లాదేశ్‌కు పోతున్న మన పొగ లెక్క కూడా అందులో దాచకుండా ఉండాలి. అప్పుడే లాహోర్ పొగ లెక్క అడిగే నైతిక హక్కు మనకు వస్తుంది.

ఇది ఉత్తరాది గొడవ, మనకెందుకు అనుకునే తెలుగు పాఠకులకు ఒక మాట. 1999లో మాల్దీవులు కేంద్రంగా పలు దేశాల శాస్త్రవేత్తలు ఓడలు, విమానాలతో హిందూ మహాసముద్రం మీద పరిశోధన జరిపినప్పుడు, ఉపఖండం నుంచి శీతాకాలంలో బయల్దేరిన గోధుమరంగు పొగతెర సముద్రం మీద వేల కిలోమీటర్లు పరుచుకుని కనిపించింది. ఆ తెర సూర్యరశ్మిని అడ్డుకుని రుతుపవనాలను బలహీనపరుస్తుందని శాస్త్రవేత్త వీరభద్రన్ రామనాథన్ బృందం ఆ తర్వాత వాదించింది. వానను నమ్ముకున్న అనంతపురం వేరుశనగ రైతుకూ, మహబూబ్‌నగర్ కంది రైతుకూ ఇది పరాయి సంగతి కాదు. తుపాను బులెటిన్ విలువ లోక్‌సభలో ఎవరికైనా వివరించి చెప్పవలసి వస్తే, దివిసీమ నుంచి ఉద్దానం దాకా చూసినవారి కంటే బాగా చెప్పగలవారు లేరు. ఆంధ్రప్రదేశ్‌కు 25 మంది, తెలంగాణకు 17 మంది లోక్‌సభ సభ్యులున్నారు. కేంద్ర ప్రభుత్వం నిలబడటంలో వారిలో కొందరి మాటకు ఈ రోజు బరువుంది. వచ్చే శీతాకాల సమావేశాల్లో, సభ బయట పొగ కమ్మి ఉండగా, భూవిజ్ఞాన శాఖ మంత్రిని వారు అడగవలసిన ప్రశ్న సూటిగా ఉంది: 13 దేశాలకు తుపాను లెక్క పంపే కార్యాలయం పొగ లెక్క ఏ తేదీ నుంచి పంపుతుంది?